భుజం మీద చెయ్యి

ఇరవై ఏండ్ల కింద, హైదరాబాద్ ఆఫీసుల మా సీనియర్‌ది అమరచింత, నాది రాజోలి; ఇద్దరిదీ ఒకటే జిల్లా. ఏ చిక్కొచ్చినా నా భుజం మీద చెయ్యేసి "నేనున్న గదా తమ్మీ" అంటుండె.

మేం రాసే కెమెరా డ్రైవర్, అంటే కెమెరాను నడిపే ప్రోగ్రాం, ఊకె హ్యాంగ్ అవుతుండె. అది యాడ ఇరుక్కుంటుందో చూద్దామని కోడ్‌ల నేనొక ప్రింట్ లైను పెడితే, హ్యాంగే ఆగిపోయింది. ఆ లైనుతోని జర ఆలస్యమై తప్పు దాక్కున్నది గని పోలేదని సీనియర్‌కు చెప్పిన.

"గట్లనే ఉండనీ. రేపు డెలివరీ. నేనున్న గదా తమ్మీ."

కస్టమర్ ముందట కెమెరా బిగుసుకుపోయింది. మేనేజర్ మీటింగుల నిలదీస్తే, ఆయన నా దిక్కు చూడకుంటనే అన్నడు: "ఈయన ఆ లైను ఎందుకు పెట్టారో నాకు తెలియదండీ."

అప్పటిదాంక తమ్మిని, గడియల 'ఈయన' అయిన!

బయటికొచ్చినంక మళ్ల భుజం మీద అదే చెయ్యి పడ్డది.

"పరేషాన్ గాకు తమ్మీ, నేనున్న గదా."