రోహిణి కార్తెలో ఐర్లాండు రూల్సు

ఈ వారం ఏలూరులో నన్ను చూసి నవ్వని మనిషి లేడండి. పాలాయన నవ్వాడు. ఆటో స్టాండులో నవ్వారు. చర్చిలో పాస్టరు గారు ప్రసంగం మధ్యలో నా వైపు చూసి దగ్గారు, అది దగ్గు కాదని నాకు తెలుసు. మీరూ నవ్వండి, పర్వాలేదు. టీ చల్లారకుండా చూసుకుని నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది.

బళ్ళో నాది డ్రిల్లు మాస్టారు ఉద్యోగం. సాయంత్రమైతే మా ఫుట్‌బాల్ క్లబ్బుకి సెక్రటరీ, కోచ్, బంతులకి గాలి కొట్టేవాణ్ణి, అన్నీ నేనే. మా ఆటగాళ్ళలో ఒకడు ఆటో తోలతాడు, ఇద్దరు తివాచీల పనిలో ఉన్నారు, నలుగురు కొల్లేరు లంకల నించి సైకిళ్ళ మీద వస్తారు. ఏటా వేసవి సెలవుల్లో బడి గ్రౌండులో టోర్నమెంటు పెడతాం. ఏటా తాడేపల్లిగూడెం వాళ్ళొచ్చి, మన ఊరి మంచినీళ్ళు తాగి, కప్పు పట్టుకుని వెళ్ళిపోతారు. ఈసారి మొట్టమొదటిసారి మావాళ్ళు ఫైనల్‌కి వచ్చారండి! గూడెం వాళ్ళతో! మా గ్రౌండులో!

జనం బాగా వస్తారని ఎప్పట్లాగే గ్యాలరీ కట్టిద్దామనుకున్నాను. ఏటా తెల్లకాయితం మీద అర్జీ రాసిస్తే పర్మిషన్ వచ్చేసేది. ఈసారి మున్సిపల్ ఆఫీసులో సూపరింటెండెంటు సుబ్బరాజు గారు కళ్ళజోడు పైకి జరిపారు.

"గ్యాలరీ కడుతున్నారా మాస్టారూ? అయితే సేఫ్టీ రూల్సు జత చెయ్యాలండీ."

కిందటి నెల మెట్ట వైపు ఏదో ఊళ్ళో వాలీబాల్ ఆటకి కట్టిన గ్యాలరీ ఒరిగిపోయి జనానికి దెబ్బలు తగిలాయట. అప్పట్నించీ అన్ని ఆటలకీ ఇదే పాట.

"ఏ రూల్సండీ?" అన్నాను.

"మీ ఆట రూల్సు మాకెలా తెలుస్తాయండీ? మీరే తెచ్చుకోవాలి."

చూడండి! రూల్సు పెట్టాల్సినవాళ్ళు నన్ను రూల్సు తెమ్మంటారు. మంట అక్కడ మొదలైంది.

ఆ కోపంలోనే నెట్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడాయన్ని ఫుట్‌బాల్, గ్రౌండు, సేఫ్టీ అని కొట్టమన్నాను. ఏదో పెద్ద పుస్తకం వచ్చింది. క్లబ్బు లైసెన్సింగ్ మాన్యువల్ అని ఉంది, లోపల స్టేడియం సేఫ్టీ అని ఉంది. మూలన పులిచింతాకు లాంటి బొమ్మ ఉంది. అది ఎక్కడి ఆకో ఎవరు చూశారు? కరెంటు పోయేలోపు ప్రింటు కొట్టెయ్యమన్నాను. ఆ కట్ట లావు చూస్తే నాకే ముచ్చటేసింది. ఇంత లావుది బల్ల మీద పడేస్తే ఏ ఆఫీసైనా నోరు మూసుకోవాల్సిందే అనుకున్నాను. పైన ఒక లెటరు పెట్టాను: "ఇందలి నిబంధనలన్నియు మా క్లబ్బు తు.చ. తప్పక పాటించునని హామీ ఇచ్చుచున్నాము." సంతకం. స్టాంపు. లోపల చదివానా? లేదండి.

కానీ సుబ్బరాజు గారు చదివేశారు! పెన్సిలుతో గీతలు గీసుకుంటూ, అట్ట నించి అట్ట దాకా! ఆ పుస్తకం మొత్తం చదివిన మనుషులు భూమ్మీద ఇద్దరే ఉండుంటారు, రాసినాయనా, ఈయనా.

"కూర్చోండి మాస్టారూ. ఇది ఐర్లాండు వాళ్ళదండీ."

"ఆఁ?"

"అక్కడ లీగులో ఆడే క్లబ్బుకి లైసెన్సు ఇవ్వాలంటే ఏమేం ఉండాలో రాసుకున్నారు. చాలా శ్రద్ధగా రాసుకున్నారండీ. 'ఎ' అని గుర్తున్నవి తప్పనిసరి. సరే గానీ, ఈ మంచు సంగతి ఏం చేశారు?"

"మంచేంటండీ?"

"మైదానం మీద మంచు పడితే తీసెయ్యడానికి పారలు, చల్లడానికి ఉప్పు సిద్ధంగా ఉంచాలట."

బయట రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. ఆ ఆఫీసు మెట్ల మీద చెప్పులు విప్పితే మళ్ళీ కాలు పెట్టలేం.

"ఏవండీ, ఏలూరులో మంచు పడుతుందాండీ?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"పడుతుందా పడదా అన్నది నా సబ్జెక్టు కాదండీ. ఈ సంతకం మీదేనా?"

అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. ఆయన ఎంత మర్యాదగా అంటారంటే, ఆ 'అండీ' అన్నప్పుడల్లా నాకు కారం రాసినట్టుండేది. కట్ట వెనక్కిచ్చెయ్యమని, వేరేది రాసిస్తానని బతిమాలాను.

"ఫైలు పైకెళ్ళి వచ్చేసిందండీ. జతపరచిన నిబంధనల ప్రకారం అనుమతించడమైనది అని రాశారు. ఫైనల్ రోజు నేనే వచ్చి చూస్తాను. ఒక్కటి తప్పినా ఆట ఆపేస్తానండీ."

ఇంక చూడండి నా అవస్థ.

గ్యాలరీ కట్టేది పెంటయ్య. కొల్లేరు గట్టు మనిషి, పడవల పని చేసినవాడు, సరుగుడు కర్రలూ తాళ్ళూ ఇస్తే ఏదైనా నిలబెడతాడు. ఆ పుస్తకం ప్రకారం గ్యాలరీకి నేను మార్కు వెయ్యాలట. కట్టు ఎంత గట్టిదో చూసి మార్కు వేసి, ఆ లెక్కన జనాన్ని తగ్గించాలట.

"నా కట్టుకి మార్కులేంటండీ మాస్టారండీ? కొల్లేరు గాలికి ఆగిన కట్టండి ఇది!" అన్నాడు పెంటయ్య.

"నాకు తెలుసు పెంటయ్యా. ఐర్లాండు వాళ్ళకి తెలీదు."

సగం మార్కే వేశాను. అంటే ఏటా ఎక్కేవాళ్ళలో సగం మందే ఎక్కాలి. రెండో వైపు కూడా మెట్లు కట్టమన్నాను. దానికీ గొడవే.

"ఎక్కడానికొకటీ దిగడానికొకటీనాండీ? ఎక్కినోడు అక్కణ్ణించే దిగడాండీ?"

"కట్టవయ్యా బాబూ! నా ప్రాణం తియ్యకు!" అని అరిచాను. పాపం, "ఆయ్, అలాగేనండి" అని కట్టాడు. ఆ పదిరోజులూ నేను అరవని మనిషి లేడు. టీ ఇచ్చినాయన మీద అరిచాను, మా రిఫరీ మీద అరిచాను, ఇంట్లో చారులో ఉప్పు ఎక్కువైందని అరిచాను.

ఉప్పంటే గుర్తొచ్చింది. పెంటయ్యే ఎండుచేపల వాళ్ళ దగ్గర రెండు బస్తాలు తెచ్చాడు. కార్నర్ జెండా పక్కన ఆ రెండు బస్తాలు, నాలుగు పారలు పెట్టాను. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఎవరు పోయారండీ?" అని అడిగారు.

ఇంకో రూలు గేట్లది. ఆట జరిగినంతసేపూ గేట్లు బార్లా తెరిచుండాలి, దారికి ఏదీ అడ్డం ఉండకూడదు, ఒక్కో గేటు దగ్గర ఒక్కో మనిషి పసుప్పచ్చ కోటు వేసుకుని నిలబడాలి. మా గ్రౌండుకి రెండు గేట్లు. రోడ్డు వైపొకటి, కాలవ వైపొకటి. కాలవ గేటు నేను ఐదు కొట్టేసరికి మూసేస్తాను. ఎందుకంటే ఆ టైముకి మంగమ్మ గారి గేదెలు కాలవలోంచి లేచి ఆ గేటు ముందు నించే ఇంటికెళ్తాయి. సరే, ఐర్లాండులో మంగమ్మ గారు లేరు కదా! తెరిచి పెట్టాను. అక్కడ మా తెలుగు మాస్టారిని నిలబెట్టాను.

ఫైనల్ రోజు ఆదివారం. తెల్లారగట్లే వెళ్ళి గీతలు గీస్తున్నాను. ఫోను మోగింది. సుబ్బరాజు గారు.

"మాస్టారూ, స్ట్రెచరు పెట్టారాండీ? అది 'ఎ' గుర్తులో ఉంది."

ఫోను పెట్టేసి చూద్దును కదా, సున్నం అయిపోయింది. రోడ్డు వైపు గీతలు అయ్యాయి. కాలవ వైపు గీతా, ఆ వైపు గోలు గీతా, పెనాల్టీ బాక్సూ మిగిలిపోయాయి. ఆదివారం, పైగా ఆ పొద్దున్నే, కొట్టు ఎవరు తీస్తారండీ? అప్పుడు ఆ ఉప్పు బస్తాలు కనపడ్డాయి. వాటిని చూస్తేనే నాకు కసి. మంచు ఎలాగూ పడదు, దీన్ని ఇలాగైనా వదిలించుకుందామనిపించింది. ఉప్పూ తెల్లగానే ఉంటుందిగా! బస్తా విప్పి, దోసిళ్ళతో పోసుకుంటూ గీతలన్నీ గీసేశాను. ఎంత బాగా వచ్చాయనుకున్నారు! ఎండలో తళతళా మెరిశాయి. ఇంత తెలివి నాకెప్పుడూ రాలేదని మురిసిపోయాను కూడా.

సాయంత్రం సుబ్బరాజు గారొచ్చారు. మెట్లు లెక్కపెట్టారు. గేట్లు చూశారు. స్ట్రెచరు మీద చెయ్యి వేసి చూశారు. పారల దగ్గర ఆగి, "ఉప్పు కాస్త తక్కువుందండీ," అన్నారు. "సరిపోతుందండి," అన్నాను పళ్ళు బిగించి. కాలవ గేటు వైపు గీత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆట మొదలైంది. వాళ్ళొక గోలు, మనమొక గోలు. రెండో సగం సగానికొచ్చింది. మా ఆటో ఏసుబాబు బంతి తీసుకుని కాలవ వైపు గోలుకి దూసుకెళ్తున్నాడు. ముందర గోలీ ఒక్కడే ఉన్నాడు. జనం ఊపిరి బిగబట్టారు. అప్పుడు గేట్లోంచి ఒక మొహం కనపడింది. నల్లగా, పెద్దగా, తడిగా.

ఆ వెనక ఇంకోటి. ఆ వెనక మొత్తం మంద! ఒక టీముకి సరిపడా ఉన్నాయి, సబ్‌స్టిట్యూట్లతో సహా. తెలుగు మాస్టారు పసుప్పచ్చ కోటులో చక్కగా పక్కకి తప్పుకుని దారిచ్చారు. "అడ్డు పెట్టండి!" అని అరిచాను. "అడ్డం ఏదీ ఉండకూడదన్నారు కదండీ!" అని అక్కణ్ణించే జవాబు.

మొదటి గేదె గీత దగ్గర తల వంచింది. నాకింది. తల ఎత్తి అరిచింది. అంతే! మిగతావన్నీ పరుగో పరుగు! ఏసుబాబు బంతి వదిలేసి గోలు పోస్టు ఎక్కేశాడు.

గ్యాలరీలో జనం ముందు పడీ పడీ నవ్వారు. తర్వాత ఒక గేదె అటు తిరిగేసరికి అందరూ ఒక్కసారిగా లేచి నించున్నారు. అప్పుడు వినపడిందండి, కిర్రుమని ఒక చప్పుడు. అది విన్నాక నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆడవాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు పైన. పరిగెత్తాను.

పెంటయ్య అప్పటికే కింద దూరి ఒక కర్రకి భుజం ఆన్చాడు. "తొయ్యకండి! రెండేపులా దిగండి! నెమ్మదిగా దిగండి!" అని కేకలేస్తున్నాడు. నేను రెండో మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపాను. సగం మందే ఉన్నారు కాబట్టి, రెండు దార్లున్నాయి కాబట్టి దిగిపోయారు. ఆఖరున ఒక ముసలాయన కర్ర ఊతంతో దిగారు. ఆయన కాలు నేల మీద పెట్టాక పైన అడ్డకర్ర ఒకటి ఫట్‌మని విరిగింది.

పెంటయ్య బయటికొచ్చి నేల మీద కూలబడ్డాడు. భుజం దోక్కుపోయింది.

"మాస్టారండీ, ఆ రెండో మెట్లు గానీ లేకపోతేనండీ..." అని ఆగిపోయాడు.

పది రోజులు అందరి మీదా అరిచాను కదండీ, అప్పుడు ఎవరి మీద అరవాలో తెలీలేదు.

వెనక్కి తిరిగి చూస్తే సుబ్బరాజు గారు గేదెల మధ్య నిలబడున్నారు. ప్యాంటుకి పేడ. ఆయన మొహంలో భయం లేదు, అనుమానం ఉంది. "ఇవి గీతలెందుకు నాకుతున్నాయండీ?" అన్నారు. వంగారు. గీత మీద వేలు పెట్టారు. ఆ వేలు నాలిక్కి రాసుకున్నారు. నా వైపు చూశారు.

"మాస్టారూ," అన్నారు, "ఇది మంచుకి తెచ్చిన ఉప్పేనాండీ?"

భూమి చీలితే అందులో దిగిపోయేవాణ్ణి. చీలలేదు.

అప్పటికి పెనాల్టీ బాక్సు సగం లేదు. గోలు గీత పూర్తిగా కడుపులోకి పోయింది. రిఫరీ చేతులెత్తేశాడు. గూడెం సెక్రటరీ భాస్కరరావు గారు చిరునవ్వుతో వచ్చారు. ఆయన చేతిలో నా పుస్తకం జిరాక్సు! ఆఫీసులో అడిగి తీసుకున్నారట.

"ప్రేక్షకులు గానీ ఇతరులు గానీ మైదానంలోకి చొరబడితే ఆట వేరే గ్రౌండులో పెట్టాలని ఉందండీ. మీ రూలే కదా మాస్టారూ."

"గేదెలు ప్రేక్షకులాండీ?" అని లేచాను.

"ఇతరులండీ," అన్నారు.

సుబ్బరాజు గారు పేజీ తిప్పి చూసి తలూపారు.

బుధవారం గూడెంలో ఆడాం. ఓడిపోయాం. ఎన్ని గోల్సని అడక్కండి. బస్సులో ఏసుబాబు నా పక్కన కూర్చోలేదు. సుబ్బరాజు గారు మాత్రం రిపోర్టులో మెట్ల గురించి మంచిగా రాశారట, ఎవరికీ దెబ్బ తగల్లేదని. ఆ మాటకి ఆయన్ని తిట్టడానికి కూడా లేకుండా పోయింది నాకు. అదొక కోపం!

అయిపోయిందనుకున్నాను. నిన్న సాయంత్రం మంగమ్మ గారు గ్రౌండుకొచ్చారు. కొంగు నడుముకి దోపి, నేరుగా నా ముందు నిలబడ్డారు.

"ఏవండీ మాస్టారూ, ఇంత చదువుకున్నారు, నోరులేని జీవాలకి ఉప్పు రుచి చూపించి గేటు తీసి పెడతారా? ఆ రోజు నించీ అవి ఇంటి మొహం చూడ్డం లేదండీ! కాలవలోంచి లేవడం, సరాసరి మీ గేటు దగ్గరికి రావడం! పాలు తియ్యడానికి చెంబు పట్టుకుని నేనూ ఇక్కడికే రావాలా?"

ఆవిడ వెనక గేటు అవతల అన్నీ వరసగా నిలబడున్నాయి. నా వైపే చూస్తున్నాయి. టైము చూశాను, సరిగ్గా ఐదు. గ్రౌండులో మావాడొక్కడూ లేడు.

ఇరవై ఏళ్ళ నించి కోచింగ్ ఇస్తున్నానండి. పిలవకుండా, ప్రతిరోజూ, టైముకి ప్రాక్టీసుకొచ్చిన టీము నాకు ఇదే.