ఏడ్వకుండా చదవమన్న పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది, కోరుట్లలో ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు. "మీ ఇంగ్లీషు పెద్దమ్మ పానం పోయింది బిడ్డా. పొద్దుగాల తలుపు తీస్తలేదని చూస్తె ఏమున్నది" అని నిట్టూర్చి, ఆ వెంటనే "గా గదిల సామాను ఎప్పుడు తీస్తరు?" అని అడిగింది. నాకు కోపం రాలేదు. పెద్దమ్మ వినుంటే మెచ్చుకునేది. అక్కరున్న మాట మొదలు అడుగాలె, ఏడ్పు ఎన్కకు అనేది ఆమె.

ఆమె నాకు చుట్టం కాదు. రుద్రంగిలో భూమి లేని కూలి ఇంట్లో పుట్టింది. మొగుడు పోయాక, చిన్న కొడుకును చెల్లెలి దగ్గర విడిచిపెట్టి మస్కట్ వెళ్లింది. అక్కడ ఒక ఇంగ్లీషు వాళ్ల ఇంట్లో పిల్లల్ని సాకి, జుట్టు నెరిశాక తిరిగొచ్చింది. గల్ఫ్ నుంచి అందరూ బంగారమో దుప్పట్లో తెస్తే ఈమె పెట్టె నిండా పాత పత్రికలు తెచ్చింది. ఆ ఇంటి మేడం పిల్లల పెంపకం మీద పత్రికలు తెప్పించుకునేదట. సారు తెప్పించుకునేవి సాహస యాత్రల పత్రికలు: కొండలెక్కడం, నదీ ప్రవాహాల్లో పడవలేసుకుని దూకడం, ఎడారిలో కార్లు తోలడం. వాళ్లు చదివి పారేసినవి దాచుకుని, వంటింట్లో పైకి చదువుకుంటూ ఇంగ్లీషు నేర్చుకుంది. ఆ పెట్టె తెరిచిన రోజు వాడకట్టంతా నవ్వింది.

ఆ కాగితాలతోనే ఆమె బడి పెట్టింది. గల్ఫ్ పోయేవాళ్లకు మాత్రమే. దుబాయిలో టూరిస్టులను ఎడారిలో తిప్పే డ్రైవరు పనికి పోయే మగవాళ్లకు యాత్రల పత్రిక, పిల్లల్ని ఆడించే పనికి పోయే మాకు పెంపకం పత్రిక. చాపల మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరం పైకి చదవాలి. గట్టిగా చదవకపోతే "గొంతుల కప్ప కూసుందా?" అనేది. తప్పు చదివితే పక్కవాళ్లతో నవ్వించేది. తెలంగాణ కొట్లాట జోరు మీదున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. బస్సులు డిపోలు దాటేవి కావు, కాలేజీలకు తాళాలు. ఈమె బడికి మాత్రం సెలవు లేదు. రాష్ట్రం వస్తే ఉద్యోగాలన్నీ ఇక్కడే వస్తాయి, ఎందుకు పోవడమని ఒకతను అన్నాడొకసారి. "రావాలె, ఎందుకు రావద్దు? నేను గూడ జై కొడ్త" అంది పెద్దమ్మ. "గని గది వచ్చేదాక నీ ఇంట్ల పొయ్యి మీద ఏం పెడ్తవో గది జెప్పు. సప్పుడు జేయకుండ సదువు."

నేను ఆమె దగ్గరికి వెళ్లడానికి కారణం మా ఆయన. కల్లు గీత పని చేసేవాడు. ఆ ఎండాకాలం తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. నడుము విరిగి మంచానికి అతుక్కుపోయాడు. నేను ఇంటర్ చదివానన్న మాటే గాని ఇంగ్లీషులో నోరు తెరిచింది లేదు. నా బిడ్డ ఇంకా పాలు మరవలేదు. మేడిపల్లి నుంచి ఆటో దొరికితే ఆటోలో, లేకపోతే ఎవరి బండి వెనకో కూర్చుని కోరుట్ల వెళ్లేదాన్ని.

మొదటి రోజే నా చేతిలో పెద్దమ్మ పెట్టిన పేజీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పసిపిల్లలను వదిలి వెళ్లాల్సి వస్తే ఏం చేయాలన్నది అందులో విషయం. బిడ్డకు చెప్పకుండా మాయమవ్వకండి. ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడొస్తారో కళ్లలోకి చూసి చెప్పండి. బిడ్డ ఏడుస్తుంది, కానీ మిమ్మల్ని నమ్ముతుంది. ఆ మాటల దగ్గరికి రాగానే ఆగిపోయాను. పాలు చేపి రవిక తడిసింది. పెద్దమ్మ ఆ తడిని చూసింది. చూసి కూడా, "మల్ల మొదటికెంచి" అంది.

మళ్లీ చదివాను. మళ్లీ ఆగిపోయాను. పక్కన కూర్చున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఊకోండ్రి, ఇదేమన్న సావా?" అని వాళ్లనూ కసిరింది. "గిట్ల గొంతు వణికితె మేడం ఏమనుకుంటది? ఇది నాల్గొద్దులకు ముల్లె కట్టుకొని పోయే మనిషనుకుంటది. ఏడ్వకుండ సదువు." ఆ వారమంతా నాకు ఆ పేజీయే. ఇంకెవరికీ అంత శిక్ష వేయలేదు. నన్ను చూసి కుళ్లుకుంటోందని అనుకున్నాను. రాక్షసి అని ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

నోరు తిరగడానికి ఇంటి దగ్గర చదువుకోమని యాత్రల పత్రిక ఒకటి ఇచ్చింది. మా ఆయన మంచం పక్కన కూర్చుని చదివేదాన్ని. ఒక తెల్లవాడు నిట్టనిలువు బండను సరదాకు ఎక్కిన కథ. తెలుగులో చెప్పమంటే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"కింద పడితె?" అన్నాడు.

"తాడుంటదట."

"నాకు గూడ మోకు ఉండె" అన్నాడు. తాటిచెట్లెక్కేవాళ్లు నడుముకు కట్టుకునే తాడును మోకు అంటారు. ఆ తర్వాత గోడవైపు మొహం తిప్పుకున్నాడు. తెల్లారి ఆ మాట పెద్దమ్మకు చెప్తే అయ్యో అనలేదు. "నీ పెనిమిటికి తెలివున్నది. గీ ముచ్చట ఇంగ్లీషుల ఎట్ల జెప్తవో జెప్పు" అంది. చెప్పించింది కూడా.

పాలు మరిచిన పిల్లలున్న వాళ్లనైనా తీసుకుంటారు గాని, చంటిబిడ్డ తల్లిని ఎవరూ పనికి తీసుకోరని గల్ఫ్‌కు పంపే ఏజెంటు ముందే తేల్చి చెప్పాడు. నాకు పిల్లలే లేరని చెప్పాలన్నది పెద్దమ్మ నిర్ణయం. జగిత్యాలలో ఏజెంటు ఇంటికి వెళ్తే, మస్కట్ నుంచి నన్ను పనిలో పెట్టుకోబోయే మేడం ఫోన్లో మాట్లాడుతుంది. పెద్దమ్మ నాకు తోడు రావడానికి ముందురోజే మా ఊరు వచ్చింది. తెల్లారి చూస్తే రాష్ట్రం కోసం బండ్లు ఆపి, రోడ్డంతా వంటావార్పు. బిడ్డను చూసుకోవాల్సిన మా అత్తమ్మ రోడ్డు మీద పొయ్యి ముందు కూర్చుని పులిహోర కలుపుతోంది. మేమెక్కిన ఆటోను ఆపిన ఆడవాళ్లలో ఆమె కూడా ఉంది.

"అత్తమ్మా, నేను జగిత్యాల పోవాలె గదా" అన్నాను.

"నీ ఒక్కదానికి ఇడ్సిపెడ్తె మందంత ఏమంటరు? నడిసి పోండ్రి" అని ఆకులో పులిహోర పెట్టి పంపింది.

బిడ్డను మంచం మీది మనిషి దగ్గర ఎలా వదలను? చంకనేసుకుని నడిచాను. దారి పొడుగునా డప్పులు, పాటలు, అడుగడుగునా ముళ్లకంపలు. పెద్దమ్మ మాత్రం పక్కన నడుస్తూ ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తూనే ఉంది. కాళ్లు పీకుతున్నాయంటే నవ్వింది. "మా సారు పైసలు గట్టి మరీ గిట్ల నడుస్తుండె. నీకు ముఫత్‌ల దొరికింది, నడు." సగం దూరం పోయాక ఎవరో పాలబండి మీద ఎక్కించుకున్నారు.

ఏజెంటు ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు. బిడ్డను పెద్దమ్మ ఎత్తుకుని గది మూలన నిలబడింది. మేడం గొంతు మెత్తగానే ఉంది. పేరడిగింది, చదువడిగింది. పిల్లలున్నారా అని అడిగింది. "నో చిల్డ్రన్, మేడం" అన్నాను. నా గొంతు విని బిడ్డ "అమ్మా" అని నా వైపు చేతులు చాచింది. పెద్దమ్మ వదల్లేదు. బిడ్డ కాళ్లు తన్నుకుంటూ ఏడుపు ఎత్తుకుంది.

ఆ పిల్ల ఎవరని మేడం అడిగింది. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె కళ్లు నన్ను గోడకు కొట్టిన మేకులా నిలబెట్టాయి. పక్కింటి పిల్ల అని చెప్పాను. అయితే సరే, ఏడుస్తున్న పిల్లను ఎలా ఊరుకోబెడతావో చెప్పమంది మేడం. చెప్పాను. మోకాళ్ల మీద కూర్చుని పిల్ల కళ్లకు సమానంగా మొహం పెడతాను, దగ్గరికి తీసుకుంటాను, ఎందుకు ఏడుస్తున్నావని మెల్లగా అడుగుతాను. పత్రికలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క తప్పు లేకుండా, గొంతు వణకకుండా చెప్పాను. నా బిడ్డ వెనకాల అమ్మా అమ్మా అని వెక్కుతూనే ఉంది. "వెరీ గుడ్" అంది మేడం.

పని ఖాయమైందన్నాడు ఏజెంటు. పెద్దమ్మ బిడ్డను తెచ్చి నా ఒళ్లో పడేసి బయటికి వెళ్లిపోయింది. నేను వచ్చేసరికి గడప మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుని ఉంది. నన్ను చూసి లేచి, "బిరాన నడు, పొద్దు పోతంది" అంది. ఒక్క మంచి మాట అనలేదు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం బిడ్డ నిద్రపోతోంది. మా అత్తమ్మ, చుట్టుపక్కల వాళ్లు అందరూ ఒకటే మాట: లేవకముందే పో, చూస్తే ఆగదు. నేనూ సంచీ అందుకున్నాను. పెద్దమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. "లేపు" అంది. అందరూ ఆమె మీద పడ్డారు. నీకు గుండె లేదా అని అత్తమ్మ తిట్టింది. పెద్దమ్మ నన్నే చూస్తూ చెప్పింది: "నా కొడుకు నిద్రల ఉండంగ పోయిన. లేసి మూలమూల దేవులాడిండట. గోలెంల గూడ తొంగి సూసిండట. నేను తిరిగొచ్చినంక నన్ను అమ్మా అననే లేదు. సదివినవ్ గదా, సదివినట్టు జెయ్యి."

లేపాను. కళ్లలోకి చూసి చెప్పాను. బిడ్డ నా మొహం మీద కొట్టింది, జుట్టు పట్టుకుని వేలాడింది. ఆ పిడికిలి విప్పింది పెద్దమ్మే, ఒక్కో వేలూ. నేను వ్యాను ఎక్కాను. ఏడవలేదు. ఆ చదువు అంత బాగా వచ్చింది నాకు.

రాష్ట్రం వచ్చిందన్న కబురు నేను మస్కట్‌లో మేడం పిల్లలకు అన్నం తినిపిస్తూ విన్నాను. మరికొన్నేళ్లకు తిరిగొచ్చాను. బిడ్డ నా దగ్గరికి రాలేదు. వాళ్ల నాయినమ్మ వెనక నిలబడి చాలాసేపు చూసి, "మల్ల ఎప్పుడు పోతవ్? చెప్పే పోతవ్ గదా?" అంది. నా బిడ్డ నాతో మాట్లాడింది. అది పెద్దమ్మ పెట్టిన భిక్ష. ఇప్పుడు నేను కోరుట్లలో చిన్నపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్తున్నాను. గొంతు వణికిన పిల్లను మాత్రం ఆపి దగ్గరికి తీసుకుంటాను. ఆ ఒక్క విషయంలో ఆమె మాట వినలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. రుద్రంగి ఊరి బయట, దహనం చేసిన చోటే. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. సిరిసిల్లలో మగ్గాల మీద పని చేసే కొడుకు వచ్చాడు. కోడికూర, అన్నం, కల్లు అన్నీ తెచ్చాడు. ఏ లోటూ చేయలేదు. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది గాని దిగలేదు. "ఆమెకు మనసైంది పెట్టినవారా?" అన్నాడు కులపెద్ద. కొడుకు నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మీకేమన్న ఎరుకేనా? ఆమెకు ఏమిష్టమో?"

అమ్మకు అనలేదు, ఆమెకు అన్నాడు. నాకు తెలుసు. అన్నం అడుగంటిన మాడు, పచ్చిమిరపకాయ తొక్కు. మస్కట్‌లో కరెంటు కుక్కర్లలో మాడు దొరకలేదని, వచ్చాక రోజూ కావాలని అన్నం మాడ్చుకుని గోకి తినేది. చెప్పాను. అతను ఊళ్లోకి పరిగెత్తాడు. ఎవరింట్లో గిన్నె గోకించాడో, గుప్పెడు మాడు తెచ్చి ఆకులో పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాకి మెడ తిప్పి చూసింది. దిగలేదు. చాలాసేపు చూశాం.

ఇక చాలు, వెనక్కి చూడకుండా నడవమన్నారు పెద్దలు. అక్కడ పోయొస్తా అనకూడదు, అది మన పద్ధతి. అందరం కదిలాం. అతను మాత్రం కదల్లేదు.

"అమ్మా" అన్నాడు. ఆ మాట అతని నోట నేను వినడం అదే మొదలు. "పోతున్న. నువ్వు చెప్పకుండ పోయినవ్ గని, నేను చెప్పే పోతున్న. మల్ల రాను."

లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. మేమెవరమూ వెనక్కి చూడలేదు. అతను మాత్రం ఆగి ఆగి, తల తిప్పి, ఆ ఆకునే చూస్తూ మా పక్కన నడిచి వచ్చాడు.