మనశ్శాంతి సర్టిఫికెట్

మనశ్శాంతి నేర్పిస్తామని మా ఆఫీసువాళ్లు నన్ను వైజాగ్ నుంచి హైటెక్ సిటీకి పంపించారు. పొద్దుటినుంచీ స్లైడ్లు చూపించి, నాకున్న కాస్త శాంతీ లాగేసుకుని, చేతిలో సర్టిఫికెట్ పెట్టారు.

తిరుగు మెట్రోలో నా పక్కన ఒకమ్మాయి కూర్చుంది. మెడలో కంపెనీ ఐడీ కార్డు. ఉన్నట్టుండి చున్నీ తలమీదికి కప్పుకుంది.

“చలేస్తోందాండీ?” అన్నాను.

“చలి కాదక్కా, ప్రార్థన. మా మేనేజర్‌తోని మస్తు పరేషాన్ అయితున్న. యేసయ్యకు చెప్పుకుంటే జర ధైర్యమొస్తది.”

కాసేపు పెదాలు కదిపి, ఆమెన్ అనుకుని, హాయిగా నిద్రపోయింది. శిక్షణ పొందినదాన్ని నేను మాత్రం మేలుకునే ఉన్నాను.

అమీర్‌పేటలో లేచి నా సర్టిఫికెట్ చూసింది. “గీ ట్రైనింగ్‌ల ఏం చెప్పిన్రక్కా?”

“కళ్లు మూసుకుని బాధలన్నీ చెప్పేసుకోమన్నారు.”

“ఎవరికి?”

ఆ స్లైడు లేదు.