కిరోసిన్ వాసన చూసే పని

మా వారికి వాసన తెలియడం లేదన్న సంగతి నాకు పెట్రోలు వల్ల తెలిసింది.

ఆయన ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగి. బొమ్మ విమానాలు ఎగరేయడం ఆయన సరదా. కొన్నేళ్ల క్రితం ఎవరో వాడిన చిన్న టర్బైన్ ఇంజన్ ఒకటి కొన్నారు. జెట్ విమానంలో ఉండేలాంటిదే, కాకపోతే మంచినీళ్ల ఫ్లాస్కంత ఉంటుంది. దానికి ఆయిల్ విడిగా పొయ్యరు. కిరోసిన్‌లోనే వందకి ఐదు పాళ్లు కలుపుతారు. ఆ కలిపినదే మండుతుంది, అందులో కొంత బేరింగులను తడుపుతుంది. అందుకే ఏ కిరోసిన్, ఏ ఆయిల్ అన్న చర్చ మల్కాజ్‌గిరిలోని మా ఇంట్లో తరచూ నడిచేది.

పద్మారావు నగర్‌లో ఫోటో ఫ్రేముల దుకాణం నడిపే స్నేహితుడు ఆయనకు జోడీ. నన్ను భాభీ అంటాడు. శనివారం ఉదయాలు ఇద్దరూ విమానాన్ని కారులో పెట్టుకుని కాప్రా దాటి చాలా దూరం వెళ్లేవారు. అక్కడ తెలిసినవాళ్ల ఖాళీ స్థలం ఉంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, ఒక శుక్రవారం సాయంత్రం ఆయన వెనక వరండాలో గరాటు పెట్టుకుని ఇంధనం కలుపుతున్నారు. నేను ఆరిన బట్టలు తీస్తున్నాను. పెట్రోలు వాసన గుప్పుమంది.

“స్కూటర్ పెట్రోలు డబ్బా ఎందుకు తీశారండీ?”

“ఇది కిరోసిన్.”

“కాదు, పెట్రోలు.”

ఆయన డబ్బా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు పీల్చారు. ముఖంలో ఏ మార్పూ లేదు. డబ్బా నాకందించి, “నువ్వు చూడు” అన్నారు.

చూడాల్సిన పని లేదు. దూరానికే తెలుస్తోంది.

“మీకు రావట్లేదా?”

“జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ లేదు.”

ఆ జ్వరం ఎండాకాలంలో వచ్చింది. అన్ని నెలలు ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం.

“మరి మొన్న చేపల పులుసు బాగుందన్నారు?”

“వేడిగా ఉంది, కారంగా ఉంది. బాగుందన్నాను.”

డాక్టరుకు చూపించుకున్నారట. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. నాతో చెప్పి ఏం లాభమని ఊరుకున్నారట. నాకు కోపం రాలేదు. ఆ పులుసుకు ఆ రోజు ఎంత సేపు కష్టపడ్డానో మాత్రం గుర్తొచ్చింది. పెట్రోలుతో గనక స్టార్ట్ చేసి ఉంటే మంట చేయి దాటిపోయేదని తర్వాత ఆయనే చెప్పారు, వేరెవరి సంగతో చెబుతున్నట్టు.

అలా వాసన చూసే పని నాకు వచ్చింది. రేషన్ కిరోసిన్ దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. తెల్ల కిరోసిన్ రాణిగంజ్‌లో ఒక్క దుకాణంలో దొరికేది, అది కూడా ఒక్కో డబ్బా ఒక్కో తీరు. ఒకసారి పెయింటు వాసన కొట్టింది. మరోసారి డీజిల్ కలిసిందనిపించింది. రెండూ వెనక్కి పంపించాను. స్నేహితుడికి ఓపిక తగ్గింది.

“గిట్లైతె మనం ఎప్పుడు ఎగరేస్తం భాభీ? డీజిలే పోద్దాం. బంకుల ఎప్పుడు పోయినా ఒక్క తీరుగ దొరుకుతది. చానా మంది గదే పోస్తున్నరు.”

మా వారు సరేనన్నారు. ఆ శనివారం నేనూ వెళ్లాను. ఇంజన్ అందుకోవడానికి కొంచెం ఎక్కువ సమయం పట్టింది. తెల్లటి పొగ లేచింది, తర్వాత సర్దుకుంది. చేతిలోని చిన్న తెరమీద వేడి ఎంతుందో చూసుకుని ఆయన తల ఊపారు. విమానం బాగానే ఎగిరింది.

వాసన మాత్రం కారు సీట్లకు, బట్టలకు, నా జుట్టుకు పట్టింది. తలంటుకున్నా పోలేదు. మర్నాడు చర్చి క్వైర్‌లో నా పక్కన పాడే అమ్మాయి, “బండి ఏమన్న ఖరాబైందా ఆంటీ?” అని అడిగింది.

ఇంటికొచ్చాక ఆయన, “ఇంజనుకు ఏ ఇబ్బందీ లేదు. డీజిలే ఖాయం చేద్దాం” అన్నారు.

“మీకు వాసన రాదు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. నాకు వస్తోంది.”

వాదిస్తారనుకున్నాను. “అయితే వద్దులే” అన్నారు. మిగిలిన డీజిల్ స్నేహితుడి దుకాణం జనరేటర్‌లోకి వెళ్లింది. ఆయనే నాలుగు చోట్ల విచారించి మౌలాలి వైపు ఇంకో డీలరును పట్టుకున్నారు. ఆ కిరోసిన్ నీళ్లలా ఉంది, వాసనా తేలిక. సరేనన్నాను.

ఆయిల్ దగ్గర మళ్లీ మాట తేడా వచ్చింది. స్నేహితుడు స్కూటర్లలో పోసే ఆయిల్ తెచ్చాడు. “ఇది సుత నడుస్తదంటున్నరు. జెర చూడున్రి” అన్నాడు. మా వారు ఒప్పుకోలేదు. ఆ వేడికి అది మాడి లోపల అంటుకుంటుందని, బేరింగులు పాడైతే ఇంజనే పోతుందని టర్బైన్ ఆయిల్ తెప్పించారు. డబ్బా మీద ఉన్నది నేను చదివాను. చర్మానికి తగలనివ్వకూడదని ఉంది. అప్పటికే ఆయన వేళ్ల నిండా ఆయిల్.

“గ్లౌజులు వేసుకోండి.”

“దీనికి అసలు వాసనే లేదు.”

“మీకా, అందరికా?”

ఆయన నవ్వారు. ఆ విషయం మీద ఆయన నవ్వడం అదే మొదలు. నేనూ మూత దగ్గర ముక్కు పెట్టి చూశాను. నిజంగానే పెద్దగా వాసన లేదు. అయినా గ్లౌజులు వేసుకునేదాకా గరాటు ఇవ్వలేదు.

ఆ కిరోసిన్‌తో, ఆ ఆయిల్‌తోనే ఇప్పటికీ ఎగరేస్తున్నారు.

చలికాలం చివర ఒక ఉదయం ఆయన కాఫీ కప్పు దించి, “ఇందులో కిరోసిన్ పడిందా?” అని అడిగారు. కప్పు తీసుకుని తాగి చూశాను. మామూలు కాఫీ. వాసన తిరిగి రావడం మొదలై, తప్పుగా వస్తోందన్నమాట. ఆ తర్వాత ఉల్లిపాయల వాసన, సబ్బు వాసన ఒక్కొక్కటే సరైన దారిలో పడ్డాయి. కాఫీ ఒక్కటే ఇంకా పడలేదు. ఇంట్లో ఇప్పుడు ఇద్దరికీ టీ పెడుతున్నాను. నా కాఫీ నేను పనిచేసే ఆఫీసు క్యాంటీన్లో తాగుతాను. అక్కడి కాఫీ అంత బాగుండదు.