రాహేలు టీచర్ గారి చార్జర్

ఆటోనగర్‌లోని నా షాపులో పొద్దున్నే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి, సీసం కరిగి పొగ లేచిందంటే చాలు, ఉయ్యూరులో రాహేలు టీచర్ గారి వంటిల్లు గుర్తొస్తుంది. ఒక ఏడాది ఆ వంటింట్లో కూర వాసన తక్కువ, ఈ పొగ ఎక్కువ.

ఆవిడ మా పక్కింటావిడ. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. మా చర్చిలో పాటలన్నీ ఆవిడే ఎత్తుకునేవారు. గొంతుకి ఆపరేషన్ అయ్యాక స్వరం మిగిలింది గానీ బలం పోయింది. మైకు లేకపోతే పక్క వరసకి కూడా వినపడేది కాదు. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం ఊరేగింపులో స్పీకరు రిక్షా మీద వెళ్తుంది. ఆ ఏడాది దాని పాత బ్యాటరీ సగం దారిలోనే చేతులెత్తేసింది. జనం పాడుకుంటూ ముందుకి సాగిపోయారు. టీచర్ గారు ఈత మట్ట పట్టుకుని, పెదవులు మాత్రం కదుపుతూ వెనక నడిచారు. చూసి నాకు ఏడుపొచ్చింది. వచ్చే ఏడు ఫోన్లో పాటలు పెట్టేద్దామని చర్చి పెద్దలు అన్నారు.

ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఉద్యోగం రాక నేను ఇంట్లో ఉన్న రోజులవి. మర్నాడే ఆవిడ మా గుమ్మంలో నిలబడ్డారు.

“సునీతా, గొంతు పోతే పోయింది, ఫోనుకి మాత్రం నా చోటు ఇవ్వను. ఈ-ఆటోల్లో వేసే లిథియం సెల్స్ దొరుకుతాయంటగా, తెచ్చుకుందాం. చార్జర్ మనమే కట్టుకుందాం.”

“నాకు రాదండీ టీచర్ గారూ.”

“నాకూ రాదు. ఇద్దరం ఉన్నాంగా.”

ఆటోనగర్ వెళ్ళి నాలుగు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, వాటిని ఒక్కోదాన్నీ కాపాడే చిన్న బోర్డు తెచ్చాం. చార్జర్‌కి పాత ల్యాప్‌టాప్ అడాప్టర్, కరెంటునీ వోల్టేజినీ తగ్గించే రెండు స్క్రూల బోర్డు ఇంకొకటి. నాలుగు సెల్స్‌కీ కలిపి పద్నాలుగు వోల్టులకి కాస్త పైన ఆపెయ్యాలి, లేకపోతే ఉబ్బిపోతాయి. ఆవిడ పద్ధతేమిటంటే పనంతా నా చేత చేయించి, తను కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరగడం.

నేను బ్యాటరీ తగిలించి, మీటరు పెట్టి, స్క్రూ తిప్పాను. మీటరు పదమూడు దగ్గరే కూర్చుంది. ఇంకా తిప్పాను.

“ఏంటే, బోరింగు కొట్టినట్టు తెగ తిప్పుతున్నావు?”

“కదలట్లేదండీ.”

ఆవిడ లేచొచ్చి బ్యాటరీ క్లిప్పు పీకేశారు. మీటరు పద్దెనిమిదికి ఎగిరింది. ఇంకాసేపు అలాగే ఉంచితే సెల్స్ ఉబ్బిపోయేవే.

“నువ్వు కొలిచింది బ్యాటరీని, చార్జర్ని కాదు. తగిలించాక ఇంక అవతలదాని లెక్కే కనపడుద్ది. ముందు విడిగా పెట్టి దీని హద్దేంటో చూసుకో. ఆ తర్వాతే తగిలించు.”

ఇక స్క్రూడ్రైవర్ లాక్కుంటారనుకున్నాను. నా చేతిలోనే ఉంచేశారు. “మళ్ళీ చెయ్యి. ఈసారి నేను చూడను,” అని గోడవైపు తిరిగి వంకాయలు తరుక్కున్నారు. డిప్లొమా ఇవ్వని ధైర్యం ఆ వీపు ఇచ్చింది నాకు.

మరుసటి మట్టల ఆదివారం ప్రతి మలుపులోనూ నేను స్పీకరు లైటు వైపే చూస్తూ నడిచాను. ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు, పాడుతూనే ఉన్నారు. చర్చి గేటు వచ్చేసింది. జనం ఆగారు. మైకులో ఆవిడ గొంతు వినిపించింది.

“ఇంకా చార్జి ఉందిగా సునీతా? అయితే షుగర్ ఫ్యాక్టరీ వీధి కూడా చూసొద్దాం, పదండి.”

పాస్టరు గారు వాచీ చూసుకుని, నవ్వేసి, అటే తిరిగారు. నేను నవ్వుతూ ఏడ్చాను.

ఇప్పుడు ఆవిడ లేరు. ఆ సెల్స్ ఉన్నాయి. షాపులో ఏ చార్జర్ కట్టినా క్లిప్పు తీసి హద్దు చూసుకున్నాకే తగిలిస్తాను. పని నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే స్క్రూడ్రైవర్ వాళ్ళ చేతిలోనే ఉంచి, నేను అటు తిరిగి కూర్చుంటాను. మట్టల ఆదివారం నాడు ఊరేగింపు ఇప్పటికీ గేటు దాటి, ఫ్యాక్టరీ వీధి తిరిగే వస్తుంది. కొత్తవాళ్ళు మొదటి నుంచీ అదే దారి అనుకుంటారు. నేను రిక్షా పక్కన, నాకు సరిగ్గా రాని పాటలన్నీ గొంతెత్తి పాడుకుంటూ నడుస్తాను.