పియానోకు శ్రుతి చెప్పబోయిన మస్కట్ ప్రయాణం

ఒమాన్ సరిహద్దు ఊరు బురైమిలో ఉంటూ పిల్లకు సంగీతం చెప్పించడమే ఒక యజ్ఞం. మా శ్రీజ ఆన్‌లైన్‌లో కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. మస్కట్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక హాల్లో ఐర్లాండ్ పద్ధతిలో సంగీత పోటీ ఉందని తెలిసింది. పన్నెండేళ్ల లోపు పిల్లలంతా ఒకే ఐరిష్ పాట వాయించాలి. శ్రీజకు ఆ విభాగంలో ఇదే ఆఖరి అవకాశం. వేసవంతా ఆ పాటే వినీ వినీ మా కుక్కర్ కూడా అదే కూస్తోందనిపించింది.

తెల్లవారుజామున బయలుదేరాం. కారు మా ఊళ్లో టాక్సీ నడిపే జగిత్యాల మల్లేశ్‌ది, రానూపోనూ నలభై రియాళ్లు. ఉండేది ఒమాన్‌లో, వెళ్లేది ఒమాన్‌లో, అయినా సొహార్ దారిలో చెక్‌పోస్టు దగ్గర రెసిడెంట్ కార్డులు చూపించాలి. శ్రీజ కార్డు బట్టల అడుగున దొరికేసరికి నా ప్రాణం విసిగిపోయింది.

"పరేషాన్ గాకుండ్రి మేడమ్, టైముకు దింపుత గద!" అన్నాడు మల్లేశ్. దింపాడు.

నిర్వాహకురాలు ఒక ఐరిష్ పెద్దావిడ. వందేళ్లకు పూర్వం తమ దేశపు పాటలు మరుగున పడుతున్నాయని దిగులుపడి అక్కడివాళ్లు ఈ ఉత్సవం మొదలుపెట్టారట. రానురాను పియానో, వయొలిన్ పోటీలే పెద్దవైపోయాయట. అందరికీ ఒకే పాట ఇవ్వడం, తీర్పు అందరి ముందూ చదవడం అప్పటి నుంచీ ఉన్న ఆచారమట. ఏసీ చలికి పిల్లల వేళ్లు కొయ్యబారుతున్నా ఆ చరిత్ర తెమలదే!

తీరా శ్రీజ వంతు వచ్చాక పక్కవాద్యంగా పెట్టిన పియానో ఒక శ్రుతిలో, మా వయొలిన్ ఇంకో శ్రుతిలో!

"మా కర్ణాటక సంగీతంలో పక్కవాద్యమే శ్రుతి మార్చుకుంటుందండీ, పియానోను కాస్త దించమనండి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పియానో దిగదమ్మా. పాపనే తీగలు బిగించుకోమనండి."

"బిగిస్తాను అమ్మా, తెగితే తెగుతుంది" అంది శ్రీజ.

తెగితే ఎలా అని నేను అడ్డుపడ్డాను. వాదిస్తుండగానే వంతు దాటిపోయింది. చివరికి పోటీలో లెక్కించకుండా, పియానో లేకుండా వాయించనిచ్చారు. "స్వరం శుద్ధంగా ఉంది. మరొకరితో కలిసి వాయించడం నేర్చుకోవాలి" అని తీర్పు చదివారు. ఆ రెండో వాక్యం నాకే తగిలింది.

"గెల్చినవా బిడ్డా?" అని కారులో మల్లేశ్ అడిగాడు.

"పోటీలోనే లేను అన్నా. వచ్చే ఏడు పెద్దపిల్లల విభాగంలో వస్తా" అని, నా వైపు తిరిగింది. "నాన్నతో వస్తా. నువ్వు రావద్దమ్మా."

సొహార్ దాకా కోపంతోనే కూర్చున్నాను. ఆ తర్వాత కోపం పోయింది. ఈ పోటీకి వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను: పియానో శ్రుతి ముందే అడిగి ఇంట్లోనే తీగలు సరిచేసుకోండి. హాల్లోకి వెళ్లాక, పిల్ల చేస్తానన్నది చెయ్యనివ్వండి.