గింజకు తెలివి ఉన్న లోకం

మా గోపమ్మ చిన్నమ్మ బడి మొహం చూడలేదు. అయినా చుక్కల్లో ఇంకో లోకం ఉందని, అక్కడ మనుషులు ఎలా బతుకుతారో తనకు తెలుసని ధీమాగా చెప్పేది. "చూసొచ్చినవా?" అని ఎవరైనా ఎకసెక్కం చేస్తే, "నువ్వు పోయి చూసొచ్చి, లేదని చెప్పు" అనేది.

దేవరకొండ దగ్గరి మా ఊళ్లో అప్పుడప్పుడే వెట్టిని ఎదిరించే సంఘం పెట్టారు. దొర గడీలో వెట్టికి వడ్లు దంచే ఆడవాళ్లు బియ్యం బుక్కుతారని గుమాస్తాకు అనుమానం. అందుకని దంచినంతసేపూ పాడుతూనో మాట్లాడుతూనో ఉండాలన్నాడు. పిడికెడు గింజలకు ఎంత కాపలా! చెప్పుకుంటే సిగ్గుచేటు. పాటలన్నీ అయిపోయాక చిన్నమ్మ కథ అందుకుంది.

"గా లోకంల గింజకు తెలివుంటది. విత్తినోళ్ల నోట్లె అన్నమైతది. ఊకె కూసున్నోళ్ల నోట్లె ఇసుకైతది."

ఆడవాళ్లు రోకళ్లు ఆపి మరీ నవ్వారు. కథ ఊరంతా పాకింది.

ఆ వారమే ఆమె పెనిమిటి దుర్గయ్యను, సంఘం మీటింగుకు పోయాడని, గడీలో వడ్లు దంచే చోటిని ఆనుకునే ఉన్న కొట్టంలో వేసి తాళం పెట్టారు. మర్నాడు దొర తల్లి దంచే చోటికే వచ్చి పీట మీద కూర్చుంది.

"నీ కథేందో నాకు గూడ చెప్పు."

మార్చి చెప్పమని పక్కన దంచుతున్న యాదమ్మ కళ్లతోనే బతిమాలింది. కానీ చిన్నమ్మ ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

"అయితే నా అసొంటిది ఆడ ఏం తింటదే?"

"పస్తుంచరు దొరసాని. గుప్పెడు విత్తులిచ్చి చెల్క చూపెడ్తరు."

ముసలావిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు కొట్టం తాళం తియ్యలేదు. మర్నాడూ తియ్యలేదు. నోరు జారి మనిషిని పోగొట్టుకుంటున్నానని చిన్నమ్మ ఏడ్చింది.

ఐదో రోజు దుర్గయ్య ఇంటికి వచ్చాడు. వీపంతా వాతలు. పసుపు రాస్తూ ఆమె తనను తానే తిట్టుకుంది.

"పాడు కథ! జర మార్చి చెప్తే నాడే ఇడిచిపెట్టేటోళ్లేమో."

దుర్గయ్య బోర్లా పడుకునే అన్నాడు.

"గోడకు చెవి పెట్టి అంత ఇన్న. వాళ్లు కొట్టినప్పుడు గూడ గంత భయపడలె. యాడ నా కోసం మారుస్తవో అని భయపడ్డ."